కుడి పేజీలో నా రక్తం

మా ల్యాబ్‌లో ఒక నియమం ఉండేది. జబ్బు మనిషి రక్తం ఒక గొట్టం వచ్చిందంటే, అదే రోజు జబ్బు లేని మనిషి రక్తం కూడా ఒక గొట్టం రావాలి. రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఒకే గొర్రె రక్తంతో, ఒకే ఐసు డబ్బాలో, ఒకే చేత్తో పరీక్ష చెయ్యాలి. రిజిస్టరులో ఎడమ పేజీ జబ్బు మనిషిది, కుడి పేజీ జబ్బు లేని మనిషిది. ఆ రెండో మనిషిని మేమంతా నార్మల్ అనేవాళ్ళం. పొద్దున్నే వచ్చి చెప్పులు విప్పుతూనే ఎవరో ఒకరు అడిగేవాళ్ళు, ఈరోజు నార్మల్ ఎవరని. అప్పటిదాకా కబుర్లు చెప్పుకుంటున్న వాళ్ళందరికీ ఉన్నట్టుండి ఏదో ఒక పని గుర్తొచ్చేది.

నార్మల్‌ని వెతికి, ఒప్పించి, తొమ్మిది గంటలకల్లా రక్తం తీసుకురావడం నా పని.

నేను అక్కడ టెక్నీషియన్‌గా చేరింది ఎనభైల మొదట్లో, డిగ్రీ అయిన మరుసటి ఏడు. ఒక వైద్య కళాశాలకు చెందిన ఇమ్యునాలజీ విభాగం అది. ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళు ఉన్న పేట వైట్ టౌన్‌లో, సముద్రానికి రెండు వీధుల ఇవతల, పాత ఫ్రెంచి కట్టడంలో ఉండేది. గోడలు మూరెడు మందం. ఉప్పుగాలికి మైక్రోస్కోపు అద్దాలు బూజు పట్టకుండా, పని కాగానే వాటిని బల్బు వెలిగించిన చెక్కపెట్టెలో దాచేవాళ్ళం. మా ఇల్లు బజారులో, నాయన గిన్నెల అంగడి మీది మేడలో. రోజూ నడిచే వచ్చేదాన్ని. బజారునూ వైట్ టౌన్‌నూ విడదీసే కాలవ దాటగానే వీధులు నిశ్శబ్దమైపోయేవి. ఆ నిశ్శబ్దం కోసమైనా ఈ ఉద్యోగం వదలకూడదని మొదటి వారమే డైరీలో రాసుకున్నాను.

మాది ఎన్నో తరాల కిందట ఇక్కడికి వచ్చి వ్యాపారాల్లో స్థిరపడ్డ తెలుగు కుటుంబం. ఇంట్లో మాట్లాడేది తెలుగే, అయితే సగం అరవం కలిసిన తెలుగు. నాయనకు తెలుగు చదవడం రాదు, అవ్వకూ రాదు. అమ్మ చిత్తూరు వైపు నుంచి వచ్చింది కాబట్టి నాకు పలక మీద అక్షరాలు దిద్దించింది. మేనమామ అక్కడి నుంచి పంపే పాత వారపత్రికలూ నవలలూ అట్టలు ఊడేదాకా చదివేదాన్ని. డైరీ కూడా తెలుగులోనే రాసేదాన్ని. భాష మీద ఇష్టం ఒక కారణం. చుట్టుపక్కల దాన్ని చదవగలిగిన వాళ్ళు దాదాపు లేకపోవడం ఇంకో కారణం.

గొర్రె నెత్తురు ముట్టి వస్తానని అవ్వ నన్ను తిన్నగా వంటింట్లోకి రానిచ్చేది కాదు. మనిషి నెత్తురైతే పరవాలేదా అని ఒకసారి అడిగాను. అవ్వ కాసేపు ఆలోచించి, "అదీ వద్దు. పోయి నీళ్ళు పోసుకో పో" అంది.

ల్యాబ్‌లో నాతో కలిపి అయిదుగురం. ప్రొఫెసరు తమిళాయన, మాటలు తక్కువ. మధ్యాహ్నం టీ వేళ మాత్రం ఆయనకు మాటలు వచ్చేవి. మనిషి తెల్లకణాలను బయటికి తీసి, సీసాలో పెంచి, వాటినే మందుగా తిరిగి ఎక్కించే రోజు వస్తుందని చెప్పేవాడు. నారు పోసి మళ్ళీ నాటినట్టన్నమాట అనేవాడు మా సీనియర్ టెక్నీషియన్. ఆయనది ఏంబలం అనే పల్లె, సేద్యం చేసే తెలుగు కుటుంబం. నేను ఆయన్ను అన్నా అనేదాన్ని. ఆయన నన్ను పాపా అనేవాడు. ప్రొఫెసరు గారి సీసాల సంగతి ఏమో గానీ, మా గొట్టాల్లోని కణాలు మధ్యాహ్నం దాకా బతికితే చాలని మా ఇద్దరి ప్రార్థన. గాజు సామాను కడిగే ఆయా సముద్రం ఒడ్డున ఉన్న జాలరిపేట సోలై నగర్ నుంచి వచ్చేది. అయిదో మనిషి, తెనాలి వైపు నుంచి పైచదువుకు వచ్చిన డాక్టరు. నేను మేడమ్ అంటే ఊరుకోలేదు, అక్కా అని పిలిపించుకుంది. మా తెలుగు వింటే ఆమెకు నవ్వు ఆగేది కాదు. నాకేమో ఆమె ఎంత వేగంగా మాట్లాడినా వినాలనిపించేది.

ఆ రోజుల్లో ల్యాబ్ పనంతా అక్క థీసిస్ చుట్టూ తిరిగేది. బోదకాలు వచ్చినవాళ్ళ రక్తంలో టి కణాలు తగ్గుతాయా అన్నది ఆమె ప్రశ్న. తెల్లకణాల్లో అదొక రకం. గొర్రె ఎర్రకణాలతో కలిపి చల్లగా ఉంచితే, టి కణం వాటిని తన చుట్టూ అంటించుకుంటుంది. మైక్రోస్కోపులో చూస్తే నడుమ ఒక బొట్టు, చుట్టూ రేకులు, అచ్చం పువ్వే. రెండు వందల కణాలు చూసి, అందులో ఎన్ని పూలయ్యాయో లెక్కపెట్టాలి. గొట్టాన్ని ఏమాత్రం గట్టిగా కదిపినా పూలు విడిపోతాయి. వేళ్ళ మధ్య మెల్లగా దొర్లించాలి, నిద్రపోయే బిడ్డను పక్కకు తిప్పినట్టు. ఆ దొర్లించడం నాకు అన్న నేర్పాడు. ఆర్నెల్లలో ఆయన కంటే నాకే బాగా వచ్చిందని ఆయనే అందరికీ చెప్పేవాడు.

చేతులతో చేసే పని ఏదైనా నాకు వచ్చేది. మనుషులను అడగడమే రాలేదు.

జబ్బువాళ్ళు ముప్పైమంది, నార్మల్స్ ముప్పైమంది కావాలి. ఒక మనిషి ఒకసారే ఇవ్వాలి. ల్యాబ్‌లో వాళ్ళందరూ మొదటి రెండు వారాల్లోనే ఇచ్చేశారు. నా వంతు కూడా అప్పుడే అయిపోయింది. ఈ పూటకు నువ్వే ఇవ్వమని అక్క అంటే ఇచ్చాను. ఇక బయటివాళ్ళను వెతకాలి. నేను సిరంజి ట్రే పట్టుకుని వరండాల్లో తిరిగేదాన్ని. కొందరిని అడగగలిగాను, ముఖ్యంగా నర్సింగు హాస్టల్లో అమ్మాయిలను. వాళ్ళకు సూదంటే భయం లేదు. ఆ తర్వాత కొత్త ముఖాలు అయిపోయాయి. ఒకరోజు టైపిస్టు గది ముందు ట్రేతో అయిదు నిమిషాలు నిలబడ్డాను. ఆయన తలెత్తి ఏమిటన్నట్టు చూశాడు. టైమెంతయిందని అడిగాను. ఆయన నా చేతి గడియారం వైపు చూసి, టైము చెప్పాడు. నేను థ్యాంక్స్ చెప్పి వచ్చేశాను.

ఆ రోజు గంట తొమ్మిది కావస్తోంది. అక్క వార్డులో జబ్బు మనిషి దగ్గర రక్తం తీస్తోంది. అన్న వెనక కొట్టంలో గొర్రె దగ్గర ఉన్నాడు. నేను సామాన్ల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని, రబ్బరు గొట్టం ఒక కొస పళ్ళతో పట్టుకుని ఎడమ చేతికి బిగించి, కుడి చేత్తో నా రక్తం నేనే తీసుకున్నాను. ఒక్క పోటుతోనే నరం దొరికింది. గొట్టం తెచ్చి స్టాండులో పెట్టాను. నార్మల్స్‌కు రిజిస్టరులో పేర్లు రాయం; ఆడా మగా, వయసు, చేసే పని, అంతే. స్త్రీ, పంతొమ్మిది, నర్సింగు విద్యార్థిని అని రాశాను. ఎవరూ ఏమీ అడగలేదు.

తప్పు చేస్తున్నానని అనిపించలేదంటే నమ్మరేమో. నేను ఆరోగ్యంగా ఉన్నాను, నా రక్తం నార్మలే, నియమం అడిగేది అదే కదా అనుకున్నాను. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా పని జరిగిపోయింది. తర్వాతి వారం మళ్ళీ అలాగే చేశాను. ఈసారి ఇరవై నాలుగేళ్ళ కుట్టుపని ఆవిడ. చదివిన నవలలన్నీ ఇక్కడ అక్కరకొచ్చాయి. కుట్టుపని ఆవిడకు ఇద్దరు పిల్లలనీ, మిషను అత్తగారిదనీ, రిజిస్టరులో పట్టని సంగతులు కూడా నా మనసులో ఉండేవి. అయిదు నెలల్లో ఇలా పదకొండుమందిని పుట్టించాను. చేతి మీద మచ్చలు కనపడకుండా పొడుగు చేతుల జాకెట్లు కుట్టించుకున్నాను. ఇంత ఎండలో ఇదేం సోకని అమ్మ విసుక్కునేది. ప్రతిసారీ ఆ రాత్రి డైరీలో ఒక ముక్క రాసేదాన్ని: ఈరోజూ నేనే. ఎందుకు రాశానో తెలియదు. రిజిస్టరులో రాసింది నిజం కాదని ఎక్కడో ఒకచోట ఉండాలనుకున్నానేమో.

థీసిస్ ఇవ్వాల్సిన గడువు దగ్గరపడింది. ఆ విడత తప్పితే అక్క ఇంకో ఆరు నెలలు ఆగాలి. ఆమె కూతురు మూడేళ్ళది, తెనాలిలో అమ్మమ్మ దగ్గర ఉంది. ఆ పాప ఫోటో బల్ల అద్దం కింద ఉండేది. ఎవరూ చూడనప్పుడు అక్క దాని మీది దుమ్ము వేలితో తుడవడం నేను చాలాసార్లు చూశాను.

ఒక బుధవారం అక్క గ్రాఫు కాగితం పరిచి, జబ్బువాళ్ళను ఎర్ర సిరాతో, నార్మల్స్‌ను నీలం సిరాతో చుక్కలు పెట్టింది. నన్ను పిలిచింది. ఎర్ర చుక్కలు కిందుగా ఉన్నాయి. నీలం చుక్కలు పైన ఉన్నాయి. పైన కొన్ని అటూ ఇటూ చెదిరి ఉన్నా, ఒక గుంపు మాత్రం ఒకేచోట, వేలితో నొక్కితే కప్పుకుపోయేంత దగ్గరగా ఉంది.

"చూశావా, ఎంత దగ్గరదగ్గరగా వచ్చాయో! ఇవన్నీ ఈమధ్య చేసినవే. నీ చెయ్యి బాగా కుదిరిందమ్మాయ్" అంది.

మనుషులు మామూలుగా ఇలా ఉండరని కూడా తనే చెప్పింది. ముప్పైమందిని నిలబెడితే ముప్పై ఎత్తులు ఉన్నట్టే ఈ లెక్క కూడా మనిషికీ మనిషికీ మారుతుందట. ఆ మార్పు ఎంత వెడల్పో తెలిస్తేనే, జబ్బువాళ్ళు నిజంగా దాని కిందికి పడిపోయారో లేదో చెప్పగలమట. అందుకే ముప్పైమంది కావలసి వచ్చిందట. నేను తల ఊపుతూ విన్నాను. ఆ గుంపులో ఎన్ని చుక్కలున్నాయో లెక్కపెట్టుకున్నాను.

ఒకే మనిషిని పదకొండు సార్లు నిలబెట్టి ఎత్తు కొలిచాను నేను. వెడల్పు ఉండాల్సిన చోట ఇరుకు చేశాను. దాంతో ఎర్ర చుక్కలకూ నీలం చుక్కలకూ మధ్య ఎడం ఉన్నదానికంటే ఎక్కువగా కనపడుతోంది. అసలు ఆ ఎడం నిజంగా ఉందో లేదో కూడా ఇప్పుడు ఎవరికీ తెలియదు. అక్క ఈ కాగితం మీద సంతకం పెట్టి పంపబోతోంది. ఎవరైనా పట్టుకుంటే పోయేది ఆమె పేరు. ఎవరూ పట్టుకోకపోతే ఇంకా ఘోరం. లేనిది ఉందని రాసినట్టు.

బుధవారం చెప్పలేదు. గురువారం అక్క మొహం చూసి చెబుదామనుకుని, చూడలేక గాజు సామాను సర్దాను. ప్రొఫెసరు వచ్చి గ్రాఫు చూసి బాగుందన్నాడు; ఆయన బాగుందనడం నేను వినడం అదే మొదటిసారి. శుక్రవారం ఇంట్లో డైరీలు తిరగేసి పదకొండు తేదీలనూ ఒక కాగితం మీద రాశాను, కింద రెండు వాక్యాల్లో జరిగింది రాశాను. శనివారం ఆ కాగితం తెచ్చి అక్క మైక్రోస్కోపు కింద పెట్టాను. ఆమె రాకముందే తీసేశాను. మళ్ళీ పెట్టాను. మళ్ళీ తీశాను.

అన్న ఐసు గొడుతూ ఇదంతా చూస్తున్నాడు.

"ఏంది పాపా, పొద్దున్నించీ ఆ కాయితాన్ని సుమ్మా వూరికే మడస్తా తెరస్తా వుండావు?"

ఏం లేదన్నాను.

"ఏం లేకపోతే ఇట్లియ్యి" అని తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూసి నా చేతిలోనే పెట్టేశాడు. "నాకీ అచ్చరాలు యాడొస్తాయి? నువ్వే చదువు."

తప్పించుకోవడానికి దారి లేకపోయింది. గోడవైపు చూస్తూ మొదటి తేదీ నుంచి చదివాను. ఆయన ఐసు గొట్టడం ఆపి, అంతా అయ్యేదాకా విన్నాడు.

"పదకొండు దఫాలూ నీ చెయ్యేనా?"

ఔనన్నాను.

"అన్నం తింటా వుండావా లేదా?" అన్నాడు. ఆయన మొదట అడిగింది అదే. తర్వాత కొంచెం కోపంగా, "మా వూళ్ళో మనుషుల్లేరా? ఒక మాట నన్నడిగుంటే బస్సులో ఎక్కించుకోని రానా?" అన్నాడు.

నా తరఫున మీరు చెప్పండన్నా అని బతిమాలాను. తల అడ్డంగా ఊపాడు.

"నేనెందుకు చెప్తాను? ఆయమ్మ సాయంత్రానికి టైపుకిచ్చేస్తాది. ఇప్పుడే పో. నేను తలుపు కాడ నిలబడుకుంటా."

చెప్పినట్టే వచ్చి నిలబడ్డాడు, చేతిలో ఐసు సుత్తితో. అక్క పేజీలకు అంకెలు వేస్తోంది. ఒకసారి గట్టిగా చదివిన మాటలు కాబట్టి రెండోసారి నోరు తిరిగింది. "నార్మల్స్‌లో పదకొండు నావి అక్కా" అన్నాను.

"నువ్వు తెచ్చినవేగా అన్నీ."

"తెచ్చినవి కాదు. నా చేతిలోంచి తీసినవి."

అక్క పెన్ను మూసి పక్కన పెట్టింది. ఏవి నీవో తెలుసా అని అడిగింది. కాగితం ఇచ్చాను. గుర్తు తెచ్చుకుని రాశావా అని అడిగింది. కాదు, ఏ రోజుది ఆ రోజే డైరీలో రాసుకున్నానని చెప్పాను. ఆమె రిజిస్టరు తీసి ఒక్కో తేదీకీ కుడి పేజీ తిప్పి, పెన్సిలుతో చిన్న గీత పెట్టుకుంటూ పోయింది. నర్సింగు విద్యార్థిని పోయింది. కుట్టుపని ఆవిడ పోయింది. పదకొండో గీత తర్వాత చాలాసేపు కిటికీలోంచి వీధి చూసింది.

"చెయ్యి బాగా కుదిరిందని మెచ్చుకున్నానే. అప్పుడు నోరు తెరిచుంటే మూడు రోజులు మిగిలేవి కదే" అంది. నన్ను కసురుకోవడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది. ఆమె ఊరుకోమనలేదు. ఇంకాసేపటికి తనలో తాను మాట్లాడుకున్నట్టు, పంతొమ్మిది మిగిలాయి అంది. తేదీలు రాసుకోకపోయి ఉంటే ఏవి నావో ఏవి కావో తెలియక ముప్పైకి ముప్పై పారేయాల్సి వచ్చేదని కూడా అంది.

ముగ్గురం ప్రొఫెసరు దగ్గరికి వెళ్ళాం. అక్క చెప్పింది. ఆయన నన్ను ఒకటే అడిగాడు, ఎందుకని. నాకు మనుషులను అడగడం రాదని తమిళంలో చెప్పాను. చిన్న గొంతుతో చెప్పానేమో, ఇంకోసారి చెప్పమన్నాడు. చెప్పాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. నాయనకు ఏం చెప్పాలో కూడా ఆలోచించడం మొదలుపెట్టాను.

ఆయన అక్కను గడువు ఎన్నాళ్ళుందని అడిగాడు. టైపుకూ బైండింగుకూ తీసేస్తే ఆరు రోజులు. సోమవారం నుంచి శనివారం లోపల పదకొండుమంది కొత్త నార్మల్స్ కావాలి, అందరినీ ఈ అమ్మాయే అడగాలి, దీని బదులు ఇంకెవరూ నోరు తెరవకూడదు అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. ఆ పదకొండింటినీ కొట్టేయొద్దట. ముందు నిజంగా ఇచ్చినదాంతో కలిపి పన్నెండు. ఆరోగ్యంగా ఉన్న ఒకే స్త్రీకి ఆరు నెలల్లో పన్నెండు సార్లు పరీక్ష చేస్తే లెక్క ఎంత అటూ ఇటూ అయిందో అది చెబుతుంది, అంటే మన పరీక్షే ఎంత నిలకడగా ఉందో తెలుస్తుంది. దాన్ని ఉన్నది ఉన్నట్టుగా, వేరే పేజీలో రాయమన్నాడు. కొత్త నార్మల్స్ పక్కన పెట్టడానికి ఈ వారం జబ్బువాళ్ళ గొట్టాలు లేవు కాబట్టి, ఆ సంగతి కూడా రాయమన్నాడు. బయటికి వచ్చాక అక్క, అసలు ఆ పేజీ నా థీసిస్‌లో లేదు, ఎవరైనా అడిగితే ఏం చెప్పేదాన్నో అంది. నవ్వలేదు గానీ నా భుజం మీద చెయ్యి వేసి నడిచింది.

సోమవారం మొదటివాడు టైపిస్టు. ఇంట్లో అద్దం ముందు పదిసార్లు చెప్పుకున్న వాక్యాన్ని ఒక్క గుక్కలో అప్పజెప్పాను. అప్పుడెప్పుడో టైమడిగింది దీనికేనా అన్నాడాయన. చొక్కా చెయ్యి మడిచి ఇచ్చాడు. అంతే. అయిదు నెలల పాటు నేను భయపడింది ఆ మూడు నిమిషాలకు. ఆ రోజే గేటు కాపలా ఆయన్ను కూడా అడిగాను. ఆయన కుదరదన్నాడు. కుదరదంటే ఏమవుతుందో కూడా తెలిసింది. ఏమీ కాలేదు, నేను పక్క గదికి వెళ్ళి ఇంకొకరిని అడిగాను, అక్కడా కుదరలేదు, అప్పుడూ ఏమీ కాలేదు.

మంగళవారం ఆయాతో సోలై నగర్ వెళ్ళాను. వలలు ఆరేసిన ఇసుకలో ఆడవాళ్ళు చుట్టూ చేరారు. ఆయా నోరు తెరవబోయి, ప్రొఫెసరు మాట గుర్తొచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేనే చెప్పాను. నెత్తురు పూలవుతుందంటే వాళ్ళకు నవ్వు. మా పూలు మాకు చూపిస్తావా అని ఒకావిడ అడిగింది. చూపిస్తానన్నాను. మర్నాడు పొద్దున ముగ్గురు వచ్చారు, ముగ్గురికీ చూపించాను.

గురువారం అన్న తన ఊరివాళ్ళు ఇద్దరిని వెంటబెట్టుకొచ్చి, ఎందుకు పిలిచాడో మాత్రం చెప్పకుండా నా ముందు నిలబెట్టాడు. తెలుగులోనే అడిగాను. పెద్దాయన నా మాటంతా విని, "గొర్రె నెత్తురు కలుపుతారంట గదా. కలిపినాక తిరిగి మాకెక్కియ్యరు గదా?" అన్నాడు. అన్న వెనక్కి తిరిగి నవ్వుకుంటున్నాడు. ఎక్కించబోమని మాట ఇచ్చాకే ఆయన కూర్చున్నాడు.

ఆ రాత్రి అన్నం తింటుండగా నాయనను అడిగాను. రక్తం ఎందుకో చెప్పాల్సి వచ్చింది, అంతా చెప్పాను. నొప్పిగా వుంటాదా అని మాత్రం అడిగాడు. శుక్రవారం గొడుగు పట్టుకుని, కాలవ దాటి, నేను రోజూ వచ్చే దారిలో నా వెనకే వచ్చాడు. నేను పనిచేసే చోటు ఆయన చూడడం అదే మొదటిసారి. నాయన చేతికి రబ్బరు గొట్టం కట్టాను. మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చుని, మైక్రోస్కోపులో చూసే వెళతానన్నాడు. చాలాసేపు చూశాడు.

"ఇవన్నీ నాయేనా?"

"నడిమివి నీవి నాయనా. చుట్టూ ఉండేటివి గొర్రెవి."

తల పైకెత్తి, "అవ్వకు చెప్పబాకు" అన్నాడు.

శుక్రవారమే ఇంకో ఇద్దరు దొరికారు, ఎదురు వీధిలో రొట్టెల అంగడి ఆయనా, ఆయన తమ్ముడూ. శనివారం పొద్దున లెక్క చూసుకుంటే తొమ్మిది. ల్యాబ్‌లో అందరి రక్తమూ మొదట్లోనే తీశామని అనుకునేవాళ్ళం గానీ, ఒక్కరిని మాత్రం ఎవరూ అడిగే సాహసం చెయ్యలేదు. ట్రే పట్టుకుని ప్రొఫెసరు గదికి వెళ్ళాను. ఆయన నన్నూ ట్రేనూ చూసి, చొక్కా చెయ్యి మడిచాడు. సూది గుచ్చేటప్పుడు మొహం పూర్తిగా కిటికీ వైపు తిప్పుకున్నాడు. పదకొండో మనిషి కోసం వెతుకుతుంటే పోస్టుమాన్ ఉత్తరాలు ఇవ్వడానికి వచ్చాడు. ఏమి చెప్పాలో ముందుగా అనుకోకుండానే అడిగేశాను. సైకిలు గోడకు ఆనించి లోపలికి వచ్చాడు.

మధ్యాహ్నం మూడు గంటలకు అక్క కొత్త గ్రాఫు కాగితం పరిచింది. నేను అంకెలు చదువుతున్నాను, ఆమె చుక్కలు పెడుతోంది. ఇవి గుంపు కట్టలేదు. టైపిస్టు ఒకచోట, సోలై నగర్ ఆడవాళ్ళు ముగ్గురు మూడు చోట్ల, నాయన బాగా పైన. చివరికి పోస్టుమాన్ చుక్క జారి ఎర్ర చుక్కల మధ్యలో పడింది. అక్క పెన్ను ఆగిపోయింది. అంకె ఇంకోసారి చదవమంది. చదివాను. అదే అంకె. స్లయిడు తానే తీసి మొదటి నుంచి లెక్కపెట్టింది. అదే.

"నార్మల్ అంటే ఇంత వెడల్పా" అంది నీరసంగా.

అప్పుడు ఆమె క్యాలిక్యులేటరు దగ్గరికి లాక్కుంది. నేనూ అన్నా నిలబడే ఉన్నాం. ఆయా గుమ్మం దగ్గర కూర్చుంది. అక్క పెదవులు కదులుతున్నాయి. ఒకసారి చేసింది. కాగితం తిరగేసి రెండోసారి చేసింది. గణాంకాల పుస్తకం వెనక పట్టికలు తెరిచి వేలితో ఒక వరుస వెంట కిందికి వెళ్ళింది. వేలు ఒకచోట ఆగింది. తల ఎత్తలేదు.

"తగ్గింది" అంది. "ఎడం తగ్గింది. కానీ ఉంది. ఉందమ్మాయ్."

అన్న నిలబడుతుందా అని అడిగాడు. పోస్టుమాన్‌తో సహా నిలబడుతుందని అక్క చెప్పింది. చెప్పి, బల్ల మీద రెండు చేతులూ పెట్టి వాటి మీద తల ఆనించుకుంది. వీపు కదులుతుంటే ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వుతోంది. ఆమెను చూసి ఆయా, ఏం జరిగిందో తెలియకుండానే నవ్వింది. నేను కుడి పేజీలో పదకొండో వరుస నింపాను: పురుషుడు, ముప్పై ఆరు, పోస్టుమాన్. రాశాక ఒకసారి గేటు దాకా వెళ్ళి చూశాను, అంత తక్కువ వచ్చింది, మనిషి బాగున్నాడా అని. మధ్యాహ్నం టపాతో మళ్ళీ వచ్చినట్టున్నాడు, వీధి చివర, సైకిలు మీద ఒక కాలు నేలకు ఆనించి, ఎవరితోనో గట్టిగా నవ్వుతూ మాట్లాడుతున్నాడు.

తిరిగి వచ్చి వెనక వరండా మెట్ల మీద కూర్చున్నాక ఆకలేస్తోందని తెలిసింది. ఆ వారమంతా టిఫిన్ డబ్బా తెరవడం, మూయడం, అంతే. ఆయా చేతుల మీద నీళ్ళు పోసింది. పెరుగన్నం ఎండకు కొంచెం పులిసింది. అంతా తిన్నాను. అన్న తన డబ్బాలోని పులుసన్నం సగం నా మూతలో పెట్టాడు. అదీ తిన్నాను.